రాత్రంతా ఫ్రిజ్జు డోరు తెరిచే ఉండిపోయిందా? పొద్దున్నే ఏం చేయాలంటే

ఫ్రిజ్జు డోరు తెరిచి ఉందని కంటపడగానే చెయ్యి తనంతట తానే ముందుకు పోయి దాన్ని మూసేస్తుంది. ఎవరికైనా అంతే. కానీ ఒక్క రెండు నిమిషాలు ఆగండి. మూసేశారంటే కొన్ని గంటల్లో లోపలున్నవన్నీ మళ్ళీ చల్లబడతాయి. ఆ తర్వాత దేన్ని తాకినా బాగున్నట్టే ఉంటుంది. రాత్రి ఏది ఎంత వేడెక్కిందో తెలుసుకునే అవకాశం ఆ రెండు నిమిషాల్లోనే ఉంది.

ఇది మా ఇంట్లో దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. మాది అనంతపురం. ఒక ఏడు మే నెలలో రాత్రి పదిన్నరకి దోసెపిండి గిన్నె లోపల పెట్టినాను. గిన్నె అంచు కాస్త బయటికి వచ్చి, డోరు రెండు వేళ్ళ సందు వదిలి ఆగిపోయింది. నిద్రమత్తులో నేను చూసుకోలేదు. పొద్దున ఐదుంబావుకు వంటింట్లోకి పోతే, లైటు వేయకముందే తాడిపత్రి బండల మీద సన్నగా, పొడుగ్గా ఒక తెల్లటి గీత కనపడింది. ఫ్రిజ్జు లోపలి బల్బు వెలుగు. ఆ గీత పొడవునా నీళ్ళు. కాలు పెట్టగానే చర్రున జారింది. డోరు మూసి, నీళ్ళు తుడిచి, ఎవరికీ చెప్పకుండా పనిలో పడ్డాను. మధ్యాహ్నానికి అన్నీ చల్లగా ఉన్నాయి. ముందురోజు కోడికూర మూత తీసి వాసన చూస్తే బాగానే ఉంది. బాగా కాచి అందరికీ పెట్టాను. సాయంత్రం ఆరు కల్లా పెద్దోడికి వాంతులు, రాత్రికి మా ఆయనకు విరేచనాలు. తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది. కూర చల్లగా ఉంది, వాసన లేదు, మళ్ళీ కాచాను. ఈ మూడూ నన్ను కాపాడలేదు. ఎందుకు కాపాడలేదో తర్వాత చదివి, అడిగి తెలుసుకున్నాను. అందుకే ఈ పని ఏ వరసలో చేయాలో ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట కాలి కింద చూడండి

బండల మీద నీళ్ళుంటే ముందు చెప్పులు వేసుకోండి. చేతులు పొడిగా తుడుచుకుని ప్లగ్గు దగ్గర స్విచ్ ఆపండి. మన ఇళ్ళలో స్టెబిలైజరును చాలామంది ఫ్రిజ్జు వెనకాల నేల మీదనో, చిన్న పీట మీదనో పెడతారు. నీళ్ళు సరిగ్గా అక్కడికే పారతాయి. అది తడిసిందేమో చూడకుండా దేన్నీ ముట్టుకోవద్దు. తడిసి ఉంటే పూర్తిగా ఆరేదాకా వాడకండి.

తర్వాత ఆ రెండు నిమిషాల పని

డోరు అరల్లో ఉన్న పాల ప్యాకెట్టు, మధ్య అరలో ఉన్న నీళ్ళ సీసా, కింద కూరగాయల డబ్బా, పైన ఫ్రీజరులో ఐసు ట్రే, ఈ నాలుగూ చూడండి. చల్లగాలి బరువైనది కాబట్టి డోరు తెరవగానే కింది నుంచి బయటికి పారిపోతుంది, పైనుంచి వేడిగాలి లోపలికి దూరుతుంది. అన్నిటికంటే ముందు వేడెక్కేది డోరుకున్న అరలు. పాలు, గుడ్లు మనం పెట్టేది అక్కడే. వెనక గోడకు ఆనుకుని ఉన్నవి, పెద్ద గిన్నెల్లో ఉన్నవి నిదానంగా వేడెక్కుతాయి.

ఒక్క మాట. చేతిని పూర్తిగా నమ్మొద్దు. వంటింట్లో 38 డిగ్రీలు ఉన్నప్పుడు 15 డిగ్రీల పాల ప్యాకెట్టు కూడా చేతికి చల్లగానే తగులుతుంది. కానీ 15 డిగ్రీలు పాలకు చాలా వేడి. ఫ్రిజ్జు లోపల ఉండాల్సింది 4 డిగ్రీలు, అంతకంటే తక్కువ. ఫ్రీజరు మైనస్ 18. వంటకు వాడే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనిపెట్టుకుంటే దాని మొనను పాలలో ముంచి నికరంగా తెలుసుకోవచ్చు. జ్వరం చూసే థర్మామీటరు ఇక్కడ పనికిరాదు, అది అంత తక్కువ వేడిని చూపించదు.

ఐసు ట్రేలో గడ్డలు ఆకారం చెడకుండా ఉన్నాయంటే డోరు ఎక్కువసేపు తెరిచి లేదని అర్థం. గడ్డలు కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, లేదా ట్రేలో నీళ్ళే ఉంటే చాలాసేపైనట్టే. అయితే ఇది ఒకే డోరు ఉన్న ఫ్రిజ్జుకు చెప్పే లెక్క. రెండు డోర్ల ఫ్రిజ్జులో పైది మూసి ఉండి కిందిది తెరుచుకుని ఉంటే, పైన ఐసు గట్టిగానే ఉన్నా కింద పాలు చెడిపోయి ఉండొచ్చు.

ఇంట్లో ఇన్సులిన్ ఉంటే దాన్నీ చూసుకోండి, ఎలాగో కింద మందుల దగ్గర రాశాను. ఇప్పుడు డోరు మూసెయ్యండి. మూసి, ఒక కాగితం మీద రెండు సమయాలు రాయండి: రాత్రి ఆఖరుసారి ఎవరు ఎప్పుడు తెరిచారు, పొద్దున ఎప్పుడు చూశారు. ఇంట్లో అందర్నీ అడగండి. రాత్రి పన్నెండుకి ఎవరో లేచి మజ్జిగ తాగి ఉంటారు, అప్పుడు మీ లెక్క ఒకటిన్నర గంట తగ్గుతుంది. తిట్టకుండా అడిగితేనే నిజం చెప్తారు, ముఖ్యంగా పిల్లలు.

గంట లెక్క

వండిన పదార్థం గానీ, పాలు, మాంసం గానీ 4 డిగ్రీలు దాటినప్పటి నుంచి రెండు గంటల్లోపు మళ్ళీ చల్లబడాలి, లేదా తినేయాలి. బయట వేడి 32 డిగ్రీలు దాటి ఉంటే ఆ రెండు గంటలు కాస్తా ఒక్క గంట అవుతుంది. అనంతపురంలో, కర్నూల్లో, కడపలో ఎండాకాలం రాత్రి పదింటికి వంటిల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటుంది. కాబట్టి మార్చి ఆఖరు నుంచి జూన్ దాకా మనకు గంట లెక్కే. రాత్రంతా తెరిచి ఉందంటే ఇక వాదన లేదు.

ఇంత కఠినమైన లెక్క ఎందుకంటే, క్రిములు అనువైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపు అవుతాయి. ఏడు గంటల్లో 21 సార్లు. ఒక్కటి 20 లక్షలు దాటుతుంది. తర్వాత ఫ్రిజ్జు చల్లబడితే ఆ పెరుగుదల నెమ్మదిస్తుందే తప్ప, పెరిగినవి వెనక్కి పోవు. కాచితే చస్తాయి కదా అంటారు. క్రిములు చస్తాయి, నిజమే. కానీ కొన్ని రకాలు పెరిగే క్రమంలో విషాన్ని వదులుతాయి. చేతుల నుంచి, ముక్కు నుంచి వంటలోకి చేరే స్టెఫైలోకోకస్, అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ ఆ రకమే. వాటి విషం మరిగించినా పోదు. వాసన రాదు, రంగు మారదు. మా కోడికూరలో జరిగింది ఇలాంటిదే అయి ఉంటుంది.

ఏది పారేయాలి, ఏది మిగుల్చుకోవచ్చు

రాత్రంతా తెరిచి ఉందనుకుని చెప్తున్నాను. కూర (మాంసం, చేప, గుడ్డు ఏదైనా), వండిన అన్నం, పప్పు, సంగటి ముద్ద, ఊరిబిండి, కొబ్బరి చట్నీ, పనీరు, కోసిన పండ్లు, కోసి పెట్టిన కూరగాయలు, ఇంట్లో నూరిన అల్లం వెల్లుల్లి ముద్ద, ఇవన్నీ పారేయాలి. పచ్చి మాంసం, చేప వేడెక్కి ఉంటే కడిగి వండేద్దాం అనుకోవద్దు.

పాల దగ్గర అందరం తడబడతాం. కాచి చూద్దాం, విరగకపోతే బాగున్నట్టే కదా అని. విరగడం పులుపుకు గుర్తు, అంతే. విరగని పాలలో కూడా క్రిములు పెరిగి ఉండొచ్చు. ప్యాకెట్టు కత్తిరించకపోయినా రాత్రంతా వేడిలో ఉంటే పారబోయండి. పిల్లలకు మాత్రం అస్సలు పట్టొద్దు.

పెరుగు సంగతి వేరు. పెరుగులో పులుపే దానికి కాపలా. రాత్రంతా బయట ఉంటే నీళ్ళు పైకి తేలి, బాగా పులుస్తుంది. మామూలు పులుపు వాసనే ఉంటే మజ్జిగ పులుసుకు వాడుకోవచ్చు. పైన రంగు మచ్చలు గానీ, జిగట గానీ, ముక్కు చిట్లించే వాసన గానీ ఉంటే వద్దు. దోసెపిండి కూడా అంతే. పొంగి, పులిసి ఉంటుంది. ఆ పూటే ఊతప్పాలు పోసేయండి, మళ్ళీ ఫ్రిజ్జులో దాచొద్దు.

నెయ్యి, వెన్న, ఊరగాయ, చెనిక్కాయ పొడి, ఎండు కారం, చింతపండు, బెల్లం, పప్పుధాన్యాలు, వీటికేమీ కాదు. వెన్న కరిగి ఉంటే మంచిదే, కాచి నెయ్యి చేసేయండి. కోయని కూరగాయలు, చీనీకాయలు, మామిడిపండ్లు తుడిచి బయట గాలికి ఆరబెట్టండి. తడితో మళ్ళీ కవర్లో కడితే రెండు రోజుల్లో కుళ్ళిపోతాయి. కొత్తిమీర, కరివేపాకు వాడిపోయి ఉంటే ఆ పొద్దు వంటలో వాడేయండి.

గుడ్ల గురించి చాలామంది అడుగుతారు. అంగట్లో బయటే పెట్టి అమ్ముతారు కదా అని. నిజమే, కానీ ఫ్రిజ్జులో చల్లబడ్డ గుడ్డు బయటి వేడి తగలగానే చెమట పడుతుంది. ఆ తడితో పెంకు మీది క్రిములు సన్నటి రంధ్రాల గుండా లోపలికి పోతాయి. చెమట పట్టిన గుడ్లను ఆ రోజే గట్టిగా ఉడకబెట్టి తినండి. సగం ఉడికిన ఆమ్లెట్టు వద్దు. ఎండాకాలం రాత్రంతా బయట వేడిలో ఉన్నవైతే నేను పారేస్తాను.

ఫ్రీజరులోని మాంసంలో ఇంకా ఐసు పలుకులు తగులుతుంటే మళ్ళీ గడ్డ కట్టించుకోవచ్చు, రుచి కొంచెం తగ్గుతుంది. ఆ పూటే వండేసుకోవడం ఇంకా మంచిది. పూర్తిగా కరిగి మెత్తగా, గోరువెచ్చగా ఉంటే పారేయాలి. కరిగిన ఐస్‌క్రీము మళ్ళీ గడ్డ కట్టించి పిల్లలకు ఇవ్వొద్దు.

పారేసేవి మూట కట్టి చెత్తబండికి ఇవ్వండి. బూజు పట్టినవి కుడితిలో కలిపి గేదెలకు పెట్టొద్దు, వాటికీ చేటు చేస్తుంది.

అన్నం పారేయడం అంటే

ఇది చెప్పకుండా ముందుకు పోలేను. మన సీమలో అన్నం పారేయడం మామూలు విషయం కాదు. 1876లో మొదలై రెండేళ్ళు పీడించిన ధాత కరువు కథలు మొన్నమొన్నటి దాకా అవ్వల నోట విన్న ఇళ్ళు మనవి. ఆ రోజు మా అత్త నా చెయ్యి పట్టుకోకపోయినా, తర్వాత ఏడు ఇలాంటిదే ఇంకోసారి జరిగినప్పుడు పట్టుకుంది. "ఏమ్మా, అంత అన్నం పారబోస్తావా? చల్లగా ఉంది గదా" అని.

"ఇప్పుడు చల్లగైంది అత్తా. రాత్రంతా వేడిలోనే ఉండె" అన్నాను.

"మేము సద్ది తినలేదా? రాత్రంతా బయటే గదా ఉండేది."

మంచి ప్రశ్న అది. దానికి జవాబు ఉంది. సద్దన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి పులియబెడతాం. ఆ పులుపు చెడ్డ క్రిములను పెరగనివ్వదు. పొద్దున లేవగానే తినేస్తాం కూడా. ఫ్రిజ్జులో డబ్బాలో ఉన్న అన్నం పులియలేదు, ఊరకే వేడెక్కింది. రెండూ ఒకటి కాదు. ఇలా విడమరిచి చెప్తే పెద్దవాళ్ళు అర్థం చేసుకుంటారు. ఏమీ చెప్పకుండా వాళ్ళ కళ్ళముందే గిన్నె ఖాళీ చేస్తే మనసు నొచ్చుకుంటుంది. ముందు మిగిలేవి చూపించండి: పెరుగు, పిండి, నెయ్యి, కూరగాయలు ఇవన్నీ దక్కినాయి అని. ఆ తర్వాత పోయేవి.

తెలియక ఎవరైనా తినేసి ఉంటే ఒకరోజు కనిపెట్టుకుని ఉండండి. వాంతులు, విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్ళలో కలిపి గుక్క గుక్క తాగించండి. నీళ్ళు కూడా కడుపులో నిలవకపోయినా, రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, మూత్రం ఆగిపోయినా ఇంట్లో ఉంచుకోవద్దు, ఆసుపత్రికి పోండి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు అయితే అంతదాకా కూడా ఆగొద్దు. అత్యవసరమైతే 108.

మందులు: కూరల కంటే ముందు చూడాల్సినవి

మా అత్తకు ఇన్సులిన్ ఉంది కాబట్టి దీని మీద నాకు పట్టింపు ఎక్కువ. మీ ఇంట్లోనూ ఎవరికైనా ఉంటే, డోరు మూసేముందు ఇన్సులిన్ డబ్బాను చేతిలోకి తీసుకుని చూడండి.

ఇన్సులిన్ తెరవని సీసాలు, కార్ట్రిడ్జులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్నవి చాలా రకాలు 25 నుంచి 30 డిగ్రీల లోపు గది వేడిలో 28 రోజుల దాకా పనిచేస్తాయి. కచ్చితమైన అంకెలు డబ్బాలోని కాగితం మీద ఉంటాయి. అందువల్ల డిసెంబరు, జనవరిలో ఒక రాత్రి డోరు తెరిచి ఉన్నంత మాత్రాన సీసా పాడైపోదు. ఆ రోజు తేదీ దాని మీద రాసి, అప్పటినుంచి 28 రోజుల్లో వాడేయండి. మన ఎండాకాలం గది మాత్రం 30 దాటే ఉంటుంది. అప్పుడు ఆ ఇన్సులిన్ వాడొచ్చా లేదా అన్నది డాక్టరునో, మందుల షాపులో ఫార్మసిస్టునో అడిగే తేల్చుకోండి. ఎన్ని గంటలు తెరిచి ఉందో కాగితం మీద రాసుకున్నారు కదా, అది ఇక్కడ పనికొస్తుంది. వాడమన్నా కూడా ఆ వారం షుగరు మామూలు కంటే ఎక్కువసార్లు చూసుకోండి. మందు బలం తగ్గి ఉంటే ముందు తెలిసేది అక్కడే.

నీళ్ళలా తేటగా ఉండాల్సిన రకం మబ్బుగా మారితే పారేయాలి. పాలలా ఉండే రకాన్ని నిదానంగా దొర్లించాక కూడా ఉండలు కనపడినా, సీసా గోడలకు తెల్లగా పేరుకున్నా పారేయాలి. తొందరగా చల్లబడుతుందని ఫ్రీజరులో మాత్రం పెట్టొద్దు. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక పనికిరాదు.

ఫ్రిజ్జు మళ్ళీ దారికి వచ్చేదాకా ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి? మట్టికుండలో. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, ఇన్సులిన్‌ను నీళ్ళు పోని కవర్లో చుట్టి ఆ చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పి, నీడలో గాలి తగిలేచోట పెట్టండి. మన దగ్గర గాలి పొడి కాబట్టి తడి తొందరగా ఆరుతుంది, ఆరేకొద్దీ లోపల చల్లబడుతుంది. ఎండాకాలంలో మన కూజా నీళ్ళు అంత చల్లగా ఉండటానికి కారణమిదే. 4 డిగ్రీలకు రాదు గానీ, గది కంటే బాగా తక్కువ ఉంటుంది. ఇసుక ఆరిపోకుండా పూటకోసారి నీళ్ళు చల్లుతుండాలి.

ఫ్రిజ్జులోనే పెట్టాల్సిన కంటి చుక్కలు, పిల్లల యాంటీబయాటిక్ మందులు ఉంటే వాటికీ ఫార్మసిస్టును అడగడమే.

ఇక మిషను సంగతి

డోరు తెరిచి ఉన్నంతసేపూ లోపల చల్లబడలేదు కాబట్టి కంప్రెసరు ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు వాచిపోతుందని భయపడతారు. లెక్క వేసి చూడండి: 120 వాట్లు లాగే కంప్రెసరు ఏడు గంటలు ఆగకుండా ఆడితే 0.84 యూనిట్లు. ఒక యూనిట్ కూడా కాదు. అందుకని బిల్లు గురించి దిగులు వద్దు. అసలు భారం కంప్రెసరు మీద, లోపల పేరుకునే ఐసు మీద.

ఫ్రిజ్జు పక్కలు, వెనక జాలీ ముట్టుకుంటే బాగా వేడిగా ఉంటాయి. లోపలి వేడిని లాగి బయటికి వదిలేది అక్కడే, కాబట్టి వేడి ఉండటం తప్పు కాదు. ఫ్రిజ్జు తెరిచిపెట్టుకుంటే వంటిల్లు చల్లబడుతుందని కొందరు అనుకుంటారు. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. లోపల లాగిన వేడితో పాటు కంప్రెసరు వేడి కూడా గదిలోకే వస్తుంది కాబట్టి గది ఇంకా ఉడుకుతుంది.

కంప్రెసరు ఆగిపోయి, కాసేపటికోసారి వెనకనుంచి టిక్కుమని చప్పుడు మాత్రమే వస్తుంటే, అది వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆగిందని అర్థం. స్విచ్ తీసి ఒక గంట చల్లారనివ్వండి, గోడకు జానెడు దూరం జరపండి, వెనక దుమ్ముంటే మెత్తటి బ్రష్షుతో దులపండి. మన ఊళ్ళ దుమ్ము సంగతి తెలిసిందే, మూడు నెలల్లో జాలీ బూడిద రంగుకు తిరుగుతుంది. గంట తర్వాత వేస్తే చాలావరకు ఆడుతుంది. అప్పటికీ ఆడకపోతే మెకానిక్కును పిలవండి.

ఎండాకాలం మన గాలిలో తేమ తక్కువ, కాబట్టి వేడి దూరినా లోపల ఐసు పెద్దగా పేరుకోదు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో దీనికి భిన్నం. రెండోసారి మా ఇంట్లో సెప్టెంబరులోనే జరిగింది. ఫ్రీజరు చుట్టూ రెండు వేళ్ళ మందాన ఐసు కట్టింది. ఐసు మందంగా పేరుకుంటే చల్లదనం లోపలి అరలకు చేరదు, కంప్రెసరు ఊరకే ఆడుతుంటుంది. అప్పుడు స్విచ్ తీసి, అన్నీ బయట పెట్టి, డోరు తెరిచి ఉంచి, ఫ్రీజరులో ఒక గిన్నెడు వేడినీళ్ళు పెట్టి కరగనివ్వండి. కింద పాత గుడ్డలు పరచండి. కత్తితో, స్క్రూడ్రైవరుతో గీకొద్దు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదు. ఒకే డోరు ఫ్రిజ్జులో ఆ ఐసు వెనక ఉన్నది పలచటి అల్యూమినియం రేకు, దాంట్లోనే గ్యాసు తిరుగుతుంది. చిన్న చిల్లు పడినా గ్యాసు మొత్తం పోతుంది. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్జుల్లో ఉండేది ఐసోబ్యూటేన్, అది మండే గ్యాసు.

రెండు డోర్ల ఫ్రిజ్జులో ఐసు మనకు కనపడదు, వెనక పలక లోపల కడుతుంది. పైన గట్టిగా చల్లగా ఉండి కింద చల్లబడకపోతే, ఫ్యాను ఏదో రాసుకుంటున్న చప్పుడు వస్తుంటే అనుమానించండి. స్విచ్ తీసి రెండు డోర్లూ తెరిచి ఒక రోజంతా వదిలేస్తే కరిగిపోతుంది.

ఫ్రిజ్జు వెనక అడుగున, కంప్రెసరు మీద ఒక చిన్న ట్రే ఉంటుంది. కరిగిన నీళ్ళన్నీ దాంట్లోకే చేరతాయి. డోరు తెరిచి ఉన్న రాత్రి అది నిండి పొర్లుతుంది. తీసి కడగకపోతే వారం తర్వాత వంటింట్లో ఏదో వాసన, ఎక్కడినుంచో తెలియదు. దోమలు కూడా.

లోపల తుడవడానికి లీటరు గోరువెచ్చటి నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా చాలు. ఘాటు వాసన సబ్బులు వద్దు, పాలకు ఆ వాసన పడుతుంది.

డోరు ఎందుకు మూసుకోలేదు?

గిన్నె అడ్డం పడిందా, కలంగిరి పండు సగం బయటికి పొడుచుకొచ్చిందా, ఇవి కంటికి కనపడతాయి. కనపడని కారణం రబ్బరు. డోరు చుట్టూ ఉండే రబ్బరు లోపల అయస్కాంతం పట్టీ ఉంటుంది, డోరును లాగి పట్టుకునేది అదే. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉండేట్టు పెట్టి డోరు మూసి లాగండి. పట్టుకుని రావాలి. ఊరకే జారి వచ్చిందంటే అక్కడ పట్టు లేదు. నాలుగు వైపులా ఇలాగే చూడండి. రాత్రి లైట్లార్పి, ఫోను టార్చి వెలిగించి లోపల పెట్టి డోరు మూసినా, వెలుగు ఎక్కడ బయటికి వస్తుందో తెలుస్తుంది. చాలాసార్లు రబ్బరు పాడై ఉండదు, మడతల్లో జిడ్డు, ఒలికిన పాలు ఎండి అతుక్కుని ఉంటాయి. సబ్బునీళ్ళతో, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది ఆరబెడితే మళ్ళీ పడుతుంది. వంకర తిరిగి ఉంటే వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో అద్ది సరిచేసి, డోరు కాసేపు గట్టిగా మూసి ఉంచండి. చిరిగి ఉంటే మార్చాలి.

ఇంకొకటి, నేల. బేతంచెర్ల బండలైనా, కడప బండలైనా అతుకుల దగ్గర ఎత్తుపల్లాలు తప్పవు. ఫ్రిజ్జు ముందుకు వాలి ఉంటే డోరు తనంతట తాను తెరుచుకుంటుంది. ముందు కాళ్ళను తిప్పి అర అంగుళం పైకి లేపండి. సగం తెరిచి వదిలితే డోరు మెల్లగా మూసుకుపోవాలి. డోరు అరల్లో రెండు లీటర్ల సీసాలు వరసగా నింపితే బరువుకు డోరు కిందికి వాలుతుంది, వాటిని లోపలి అరల్లోకి మార్చండి.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రి చివరగా పడుకునేవాళ్ళు డోరును అరచేత్తో ఒకసారి నొక్కి పోతారు. అత్త పడుకున్నచోటి నుంచే "ఫ్రిజ్జు వాకిలేసినారా?" అని అడుగుతుంది. ఫ్రీజరులో ఒక చిన్న గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టినాను. ఊరికి పోయి వచ్చినప్పుడు బిళ్ళ పైనే ఉంటే సరి. గడ్డలో కిందికి దిగి ఉంటే మేము లేనప్పుడు ఐసు కరిగి మళ్ళీ కట్టిందన్నమాట. కరెంటు పోయిందో, డోరు తెరుచుకుందో ఏదైనా కానీ, లోపల ఉన్నవి తినే ముందు అనుమానించాలి.

మళ్ళీ నింపడం

అంతా తుడిచాక, ఖాళీగానే డోరు మూసి స్విచ్ వేయండి. తొందరగా చల్లబడాలని చక్రాన్ని చివరిదాకా తిప్పే అలవాటు చాలామందికి ఉంది. మామూలు కంప్రెసరు ఎప్పుడూ ఒకే వేగంతో ఆడుతుంది, చక్రం తిప్పితే వేగం పెరగదు. ఆగాల్సినప్పుడు ఆగకుండా పోతుంది, మళ్ళీ ఐసు కడుతుంది. మధ్యలోనే ఉంచండి. మన ఎండలకు పూర్తిగా దారికి రావడానికి ఒక రోజు పట్టొచ్చు. అంతదాకా మాటిమాటికీ తెరిచి చూడొద్దు.

ఒక గ్లాసుడు నీళ్ళు మధ్య అరలో పెట్టండి. మరుసటి రోజు పొద్దున అందులో థర్మామీటరు ముంచి చూడండి. 2 నుంచి 4 డిగ్రీల మధ్య చూపిస్తే కుండలోని ఇన్సులిన్ తెచ్చి లోపల పెట్టండి. ఫ్రీజరుకు ఆనించకుండా, మధ్య అరలో. ఆ తర్వాతే కొత్త పాలు.